‘బేస్’ వేరు, ‘బేసిక్’ వేరు: హైదరాబాద్‌లో ఒక సెవరెన్స్ కేసు

నేను హైదరాబాద్‌లో హెచ్‌ఆర్ సలహాదారుని. కంపెనీలు చేతులు మారేటప్పుడు, మనుషుల్ని తగ్గించేటప్పుడు యాజమాన్యాలు నన్ను పిలుస్తుంటాయి. ఈ కేసు 2023 నాటిది. కంపెనీ పేరు, అది చేసే పని, మనుషుల ఆనవాళ్లు తీసేశాను. జీతాల అంకెల్ని కొంచెం అటూ ఇటూ జరిపాను గానీ వాటి మధ్య నిష్పత్తి చెడలేదు. అప్పటికి 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టమే అమల్లో ఉంది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. కాబట్టి ఇందులోని సెక్షన్ల నంబర్లను ఎత్తి ఇప్పటి కేసుకు అతికించకండి.

అప్పటిదాకా ఉన్న లెక్క

ఒక విదేశీ కంపెనీకి ఐటీ కారిడార్‌లో ఉన్న కేంద్రం ఇది. దాదాపు 340 మంది. జాబులు మారడం మామూలైన ఈ ఊళ్లో అక్కడ మాత్రం పదేళ్లు దాటినవాళ్లు 70 మందికి పైనే ఉన్నారు. 2016లో ఒకసారి, 2020లో ఇంకోసారి కొద్దిమందిని తీసేశారు. రెండుసార్లూ సెవరెన్స్‌కు, అంటే తీసేసేటప్పుడు ఇచ్చే పరిహారానికి, ఒకటే లెక్క: పూర్తయిన ప్రతి ఏడాదికీ ఒక నెల గ్రాస్ (కోతలకు ముందు మొత్తం) జీతం, దానిపైన రెండు నెలల నోటీసు జీతం.

ఈ లెక్క అపాయింట్‌మెంట్ లెటర్‌లో లేదు. కంపెనీ ఇంట్రానెట్‌లో పాలసీ పేజీలో ఉంది. ఆ పేజీ అట్టడుగున ‘కంపెనీ దీన్ని ఎప్పుడైనా మార్చవచ్చు’ అని ఒక వాక్యం కూడా ఉంది. దాన్ని ఎవరూ చదవలేదు, చదివినవాళ్లు పట్టించుకోలేదు. రెండుసార్లు ఇచ్చారు కాబట్టి మూడోసారీ ఇస్తారనే నమ్మకం. ఆ డబ్బును జనం లోలోపల ఆస్తి కింద జమకట్టేసుకున్నారు. ‘ఉద్యోగం పోయినా పదకొండు నెలలు ఈఎమ్‌ఐకి ఢోకా లేదు సార్’ అని ఒకాయన నాతో అన్నాడు. ఆయన ఇంటి లోన్ తీసుకునేటప్పుడే ఈ లెక్క వేసుకున్నాడట.

2023 మొదట్లో మాతృ కంపెనీని ఇంకో కంపెనీ కొంటున్నట్టు ప్రకటన వచ్చింది. కాలం కూడా అలాంటిదే. 2022 నవంబరులో మెటా 11,000 మందిని, 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించాయి. అమెరికా ఉద్యోగులకు ఆ రెండూ ప్రకటించిన ‘16 వారాల జీతం, ఏడాదికి ఇంకో రెండు వారాలు’ అన్న లెక్క మా క్యాంటీన్‌లో అందరికీ నోటికొచ్చు. ట్విట్టర్ చేతులు మారాక అక్కడివాళ్లు ‘మాకు చెప్పిన సెవరెన్స్ ఇవ్వలేదు’ అంటూ కోర్టుకెక్కిన సంగతీ తెలుసు.

ఇంతలో కొనబోయే కంపెనీ ప్రెజెంటేషన్‌లోని ఒక స్లైడు ఫొటో వాట్సాప్‌లోకి వచ్చింది. అందులో ఒక్క వరుస: సర్వీసులో ప్రతి ఏడాదికి రెండు వారాల ‘బేస్ పే’.

నన్ను పిలిచింది దేనికి

ఇండియా హెచ్‌ఆర్ హెడ్ మేడమ్ నన్ను పిలిచి అడిగింది చిన్న పని: ‘మెసేజ్ రాసి పెట్టండి, పుకార్లు ఆగాలి.’

మెసేజ్ రాసేముందు అమ్మకం ఒప్పందంలో ఉద్యోగుల గురించి ఏముందో చూపించమన్నాను. ఇలాంటి ఒప్పందాల్లో జీతం, ప్రయోజనాలు కొంతకాలం తగ్గించకూడదన్న షరతు తరచూ ఉంటుంది. ఇక్కడా ఉంది. కొనుగోలు పూర్తయిన రోజు నుంచి 12 నెలలపాటు సెవరెన్స్‌తో సహా ఏదీ తగ్గించకూడదని రాసుకున్నారు. ఉద్యోగులకు ఆ ముక్క తెలియదు. మరి చెప్పెయ్యొచ్చు కదా అంటే అక్కడి లాయర్లు ఒప్పుకోలేదు. ఆ షరతు రెండు కంపెనీల మధ్యది, దాన్ని చూపించి ఉద్యోగి హక్కు అడగడానికి వీల్లేదని అదే ఒప్పందంలో ఇంకో చోట రాసి ఉంది. పైకి చెబితే అది మాట ఇచ్చినట్టు అవుతుందని వాళ్ల భయం. అంటే, జనం దేని గురించి నిద్ర పోవడం లేదో దానికి ఏడాదిపాటు రక్షణ ఉంది, అది ఉందని చెప్పే అధికారం మాత్రం ఆ గదిలో ఎవరికీ లేదు.

మొదటి రెండు ప్రయత్నాలు, రెండూ చెడ్డాయి

టౌన్‌హాల్ (ఉద్యోగులందరి సమావేశం) పెట్టారు. విదేశం నుంచి వచ్చిన పెద్దాయన ‘ఇంకా ఏ నిర్ణయమూ తీసుకోలేదు’ అన్నాడు. అది నిజమే. కానీ స్లైడు చూసినవాడికి ఆ మాట ఎలా వినబడుతుంది? నిర్ణయం అయిపోయింది, చెప్పే ధైర్యం లేదు అని.

రెండో తప్పు నాది. టౌన్‌హాల్ తరువాత వెళ్లిన మెయిల్‌లో ‘చట్టప్రకారం ఉద్యోగులకు రావలసినవన్నీ తప్పకుండా అందుతాయి’ అన్న వాక్యం నేను రాసిందే. భరోసా అనుకుని రాశాను. ఎందుకలా అనుకున్నానంటే, ఫ్యాక్టరీలతో పనిచేసిన అలవాటు. ఫ్యాక్టరీ కార్మికుడికి ‘చట్టప్రకారం’ అంటే గట్టి నేల. పారిశ్రామిక వివాదాల చట్టం సెక్షన్ 25ఎఫ్ కింద నెల నోటీసు, ఏడాదికి 15 రోజుల సగటు వేతనం, ఎవరూ ముట్టుకోలేరు. ఐటీ ఉద్యోగి చెవిలో అదే మాట ‘ఇకనుంచి చట్టం చెప్పిందే, అంతకు మించి పైసా రాదు’ అని మోగింది. పైగా చట్టం తనకు వర్తిస్తుందో లేదో కూడా అతనికి అనుమానం.

ఆ అనుమానంలో నిజం ఉంది. 25ఎఫ్ వర్తించేది చట్టం లెక్కలో ‘వర్క్‌మన్’ అయినవాళ్లకే. మేనేజర్ స్థాయి పని చేసేవాళ్లు అందులోకి రారు. నెలకు 10,000 రూపాయలు (అప్పటి పరిమితి) దాటిన సూపర్‌వైజరీ పనివాళ్లూ రారు. టెక్నికల్ పని చేసేవాళ్లు వస్తారు, కాబట్టి కోడ్ రాసే ఇంజనీరు తాను వర్క్‌మన్‌నని గట్టిగా వాదించవచ్చు. నలుగురి మీద పెత్తనం చేసే లీడ్ వాదించడం కష్టం. చూసేది చేసే పనిని, హోదా పేరును కాదు. మెయిల్ వెళ్లిన వారంలో ఒక సీనియర్ ఇంజనీరు తనకు రావలసిన ‘మేనేజర్’ ప్రమోషన్ వద్దని రాసిచ్చాడు. పేరు మారితే చట్టం చేజారిపోతుందని ఎవరో చెప్పారట. అతను మూడేళ్లుగా ఆ ప్రమోషన్ కోసం ఎదురుచూస్తున్న మనిషి.

మూడు వారాల్లో తొమ్మిది రాజీనామాలు. అందరూ ఆరేళ్లలోపు సర్వీసు ఉన్నవాళ్లే, పోయేది తక్కువ కాబట్టి లేచి వెళ్లిపోయారు. పదేళ్లు దాటినవాళ్లు కదల్లేదు. ‘పాత లెక్క ఉండగానే మమ్మల్ని తీసేస్తే బాగుండు’ అని వాళ్లలో ఇద్దరు నాతో నేరుగా అన్నారు. ఉద్యోగం పోవాలని కోరుకునే ఉద్యోగిని అంతకుముందు నేను చూడలేదు.

చీటీలు

అప్పుడు మెసేజ్‌లు ఆపేద్దామన్నాను. పదేసి మందిని కూర్చోబెట్టి వినడం మొదలుపెట్టాను. పేరు రాయకుండా చీటీ మీద ఒక ప్రశ్న రాసి గిన్నెలో వెయ్యాలి. గది బయట ఉన్నప్పుడు అరిచేవాళ్లు చీటీ దగ్గర నిజం రాస్తారని నా అనుభవం.

లెక్క ఎంత తగ్గుతుందన్న ప్రశ్నే ఎక్కువ ఉంటుందనుకున్నాను. అది మూడో స్థానంలో వచ్చింది.

అందరికంటే ఎక్కువమంది రాసింది పిప్ గురించి, అంటే పనితీరు మెరుగుపరుచుకోమని గడువు పెట్టే ప్రక్రియ గురించి. పనితీరు బాగాలేదని పిప్‌లో పెట్టి, మూడు నెలలు నలిపి, ‘నువ్వే రిజైన్ చెయ్యి, రిలీవింగ్ లెటర్ మంచిగా ఇస్తాం’ అంటే సెవరెన్స్ లెక్క ఎంత ఉంటే ఏం లాభం? రాజీనామా రాసిన మనిషికి అది రిట్రెంచ్‌మెంట్ (యాజమాన్యం తీసేయడం) కాదు. ఈ ఊళ్లో అందరికీ తెలిసిన దారి ఇది. చూడని స్నేహితుడు లేడు.

రెండోది సర్వీసు. కంపెనీ మారితే నా పదకొండేళ్లు సున్నా నుంచి మొదలవుతాయా? దీనికి మాత్రం జవాబు సులువు. విదేశంలో వాటాలు చేతులు మారాయి తప్ప ఇక్కడి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అదే, జీతం ఇచ్చేదీ అదే. సర్వీసు ఎక్కడా తెగదు. వ్యాపారాన్నే ఇంకో కంపెనీకి బదలాయిస్తే అదే చట్టంలోని సెక్షన్ 25ఎఫ్‌ఎఫ్ చూడాలి. అప్పుడు కూడా సర్వీసు తెగకుండా, షరతులు తగ్గకుండా, పాత ఏళ్లకూ కొత్త యజమాని బాధ్యత తీసుకుంటేనే పరిహారం ఇవ్వకుండా తప్పించుకోవచ్చు. ఇంత తేలిక విషయం ఎవరూ ఎందుకు చెప్పలేదంటే, ఎవరూ అడగలేదని పెద్దలన్నారు. అడిగితే ‘వీడు పోయేవాళ్ల లిస్టులో ఉన్నాడేమో’ అనుకుంటారని వీళ్లు అడగలేదు.

ఒక చీటీలో ‘నాన్నకు వారానికి మూడు డయాలసిస్‌లు. ఇన్సూరెన్స్ ఏ రోజు ఆగిపోతుంది?’ అని ఉంది. దాని గురించి కింద చెబుతాను.

పేరోల్ ఆవిడ అడిగిన ప్రశ్న

ఐదో గుంపులో పేరోల్ చూసే ఒకావిడ ఉంది. చీటీ వెయ్యలేదు, చెయ్యి ఎత్తి అడిగింది: ‘సార్, ఆ స్లైడులో బేస్ పే అన్నారు కదా, మన పేస్లిప్‌లో బేసిక్ దాని మీదేనా లెక్క?’

గదిలో అందరూ ‘అదే కదా’ అన్నట్టు చూశారు. నాకు అక్కడే ఏదో తట్టింది.

అమెరికాలో ‘బేస్ పే’ అంటే బోనస్, షేర్లు కాకుండా మిగిలిన స్థిర జీతం మొత్తం. మన పేస్లిప్‌లో ‘బేసిక్’ అంటే ఆ జీతంలో ఒక ముక్క. మిగతాది హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం), స్పెషల్ అలవెన్సు లాంటి పేర్లతో పడుతుంది. ఈ కంపెనీలో బేసిక్ 40 శాతం. స్లైడును హైదరాబాద్‌లో 340 మందీ మన భాషలో చదివారు. హెచ్‌ఆర్ మేడమ్ కూడా. నేను కూడా.

ఆ రాత్రి కొనబోయే కంపెనీవాళ్లతో కాల్ పెట్టాం. అక్కడి బెనిఫిట్స్ మేనేజర్‌కి ప్రశ్నే అర్థం కాలేదు. ‘జీతంలో బేసిక్ వేరే ఉండటమేమిటి?’ అని ఆవిడ తిరిగి అడిగింది. పేస్లిప్ నమూనా పంపి, వరుస వరుసా వివరిస్తే గానీ విషయం తెగలేదు. లిఖితపూర్వకంగా జవాబు రావడానికి మూడు వారాలు పట్టింది: లెక్క మొత్తం స్థిర జీతం మీదే.

పదకొండేళ్ల సర్వీసు, నెలకు 1,50,000 స్థిర జీతం, అందులో బేసిక్ 60,000 ఉన్న మనిషిని తీసుకుని నేను తెల్ల బోర్డు మీద వేసిన లెక్క ఇది. పాత పాలసీలో 16,50,000. జనం భయపడిన లెక్కలో, అంటే బేసిక్ మీద రెండు వారాల చొప్పున, దాదాపు 3,04,600. కొత్త కంపెనీ మనసులో ఉన్న లెక్కలో దాదాపు 7,61,500. భయపడింది అయిదోవంతు కూడా మిగలదని, అసలు ప్రతిపాదన సగానికి కొంచెం తక్కువ. ఇదీ పెద్ద కోతే. కానీ కోత వేరు, కట్టుబట్టలతో బయటికి నెట్టడం వేరు.

బోర్డు మీద నాలుగో అంకె కూడా వేశాను. అదే మనిషి వర్క్‌మన్ అని రుజువైతే 25ఎఫ్ కింద ఏడాదికి సగం నెల చొప్పున 8,25,000 రావాలి. ఆ చట్టంలో వేతనమంటే అలవెన్సులు కూడా కలిసినదే, ఒక్క బేసిక్ కాదు. అంటే కొత్త కంపెనీ లెక్క ఇక్కడి చట్టం కంటే 63,500 తక్కువ. ఏడాదికి రెండు వారాలంటే 14 రోజులు, చట్టం చెప్పేది 15 రోజులు. ప్రపంచమంతటికీ ఒకే పాలసీ అని ముచ్చటపడి చేసినవాళ్లకు ఆ ఒక్క రోజు కనబడలేదు.

యాజమాన్యాన్ని కదిలించింది ఈ నాలుగో అంకె. అప్పటిదాకా నేను నమ్మకం, మనోధైర్యం అంటూ మాట్లాడుతుంటే మర్యాదగా తల ఊపారు. 63,500ని కనీసం 200 మంది ఇంజనీర్లతో గుణించి, వర్క్‌మన్ ఎవరన్నది లేబర్ కోర్టు తేలుస్తుందని చెప్పేసరికి కాగితం, పెన్ను తీశారు. పాలసీ ప్రయోజనాన్ని వర్క్‌మన్‌ల నుంచి వెనక్కి తీసుకోవాలంటే సెక్షన్ 9ఎ కింద 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాల్సిన ప్రశ్న కూడా వస్తుందని, వాడుకలో ఉన్న రాయితీ ఉపసంహరణ నాలుగో షెడ్యూలులో ఉందని చెప్పాను.

ఏం అడిగాం, ఏం వచ్చింది

పాత లెక్క శాశ్వతంగా ఉంచమని అడగలేదు. అడుగుదామని మేడమ్ అన్నారు, నేనే వద్దన్నాను. ‘శాశ్వతం’ అని ఏ కంపెనీ రాసిచ్చినా ఈ జనం నమ్మరు, నమ్మకూడదు కూడా. తేదీ ఉన్న మాట నమ్ముతారు. అందుకని మూడు అడిగాను: కొనుగోలు పూర్తయిన రోజుదాకా చేసిన ఏళ్లకు పాత లెక్క తాళం వేసినట్టు ఉండాలి, ఆ తరువాతి ఏళ్లకు కొత్త లెక్క, అయితే చట్టం ఇచ్చేదానికంటే తక్కువ కాకూడదు, ఇదంతా 24 నెలలపాటు ఉంటుందని ఇక్కడి కంపెనీ డైరెక్టర్ సంతకంతో ఒక్కొక్కరికీ లెటర్ ఇవ్వాలి. మెయిల్ వద్దన్నాను. ‘ఎప్పుడైనా మార్చవచ్చు’ అని ఉన్న ఇంట్రానెట్ పేజీకి జరిగిందేమిటో అందరూ చూశారు.

18 నెలలకు ఒప్పుకున్నారు. లెటర్‌కు ఒప్పుకున్నారు. లాయర్ల అభ్యంతరం ఇక్కడ తొలగిపోయింది, ఎందుకంటే ఇది అమ్మకం ఒప్పందంలోని షరతును బయటపెట్టడం కాదు, ఇక్కడి యజమాని తన ఉద్యోగికి కొత్తగా ఇస్తున్న మాట.

పిప్ విషయంలో పెనుగులాట ఎక్కువైంది. ఆ 18 నెలల్లో పిప్ మొదలుపెట్టాలంటే సొంత మేనేజర్ కాక ఇద్దరు చూడాలని, పిప్ ముగింపులో రాజీనామా అడిగితే తాళం వేసిన మొత్తంలో సగం ఇవ్వాలని అడిగాను. మొదటిది ఇచ్చారు. రెండోదానికి ‘పనిచెయ్యనివాడికి బహుమానమా?’ అన్నారు. నా జవాబు ఒకటే: సగం ఇవ్వాల్సి వస్తే డబ్బు మిగుల్చుకోవడానికి పిప్ వాడే ఆశ సగం పోతుంది. చివరికి మూడోవంతు దగ్గర తేలింది.

డయాలసిస్ చీటీ మాత్రం పది నిమిషాల్లో తేలింది. గ్రూప్ ఇన్సూరెన్స్ పాలసీలో పేరు చివరి పనిదినంతో తీసేస్తారు. తీసేసినవాళ్లను, వాళ్ల తల్లిదండ్రులను పాలసీ ఏడాది ముగిసేదాకా ఉంచడానికి అయ్యే అదనపు ఖర్చు ఎంతో లెక్క కట్టిస్తే, అది ఒక టౌన్‌హాల్ భోజనాల ఖర్చు కంటే ఎక్కువేం కాదు. ఆ చీటీ ఎవరిదో నేను కనుక్కోలేదు.

ఓడిపోయిన చోటు ఒకటుంది. కొత్త కంపెనీ మొత్తం మీద 12 నెలల జీతం గరిష్ఠ పరిమితి పెట్టింది, దాన్ని కదిలించలేకపోయాను. నలుగురికి 15 ఏళ్లు దాటిన సర్వీసు. వాళ్లకు మూడు నుంచి అయిదు నెలల జీతం అక్కడే తెగిపోయింది. ‘మిగతా అందరికీ మేం వంతెనయ్యాం’ అని వాళ్లలో ఒకాయన అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఒక పేజీ కాగితం

లెటర్‌తోపాటు ప్రతి ఒక్కరికీ వాళ్ల పేరు మీద ఒక పేజీ ఇచ్చాం. మూడు నిలువు వరుసలు. ఒకటి, ఎవరూ ముట్టుకోలేనివి: గ్రాట్యుటీ, మిగిలిన సెలవుల డబ్బు, నోటీసు జీతం. రెండు, 18 నెలలపాటు తాళం వేసినది. మూడు, ఆ తరువాత మారగలిగేది.

మొదటి వరుస చాలామందికి కొత్త. గ్రాట్యుటీ సెవరెన్స్‌లో భాగమని, అదీ తగ్గుతుందని అనుకున్నవాళ్లు సగం మంది. పైన చెప్పిన మనిషికి గ్రాట్యుటీ 60,000ని 15తో గుణించి 26తో భాగించి పదకొండేళ్లకు దాదాపు 3,80,800. ఇది అప్పటి 1972 గ్రాట్యుటీ చట్టం ఇచ్చింది, కంపెనీ దయ కాదు. ఇక్కడ మాత్రం అప్పట్లో లెక్క నిజంగానే బేసిక్ మీద. ‘అక్కడ బేసిక్ కాదన్నారు, ఇక్కడ బేసిక్ అంటున్నారు’ అని పేరోల్ ఆవిడే నవ్వింది.

ఆ తరువాత నెలలో రెండే రాజీనామాలు వచ్చాయి, అందులో ఒకటి పెళ్లయి ఊరు మారడం వల్ల. ప్రమోషన్ వద్దన్న ఇంజనీరు మేనేజర్ అయ్యాడు.

తరువాత

2024 మార్చిలో 19 మందిని తీసేశారు. లెటర్‌లో ఉన్నది ఉన్నట్టు ఇచ్చారు. పిప్ మీద ఒక్క తగాదా వచ్చింది, ఇద్దరు చూడాల్సిన చోట ఒక్కరే సంతకం పెట్టారని తేలి కంపెనీ వెనక్కి తగ్గింది.

ఏప్రిల్ మొదటి వారంలో ఆ 19 మందిలో ఒకాయన ఫోన్ చేశాడు. ఏడేళ్ల సర్వీసు, నెలకు 1,20,000. కాగితం మీద తాళం వేసిన మొత్తం 8,40,000. ‘సార్, ఎఫ్ అండ్ ఎఫ్ (చివరి లెక్క డబ్బు) పడింది. సెవరెన్స్ కింద 5,77,920 మాత్రమే ఉంది. రెండున్నర లక్షలు తినేశారు.’

తినలేదు. ఆ ఏడాది జీతంతో కలిపి చూస్తే పాత పన్ను విధానంలో ఉన్న ఆయనకు ఆ డబ్బంతా 30 శాతం శ్లాబులో పడింది, 4 శాతం సెస్సుతో కలిపి 2,62,080 టీడీఎస్ (చెల్లింపులోనే కోసే పన్ను) కోశారు. రిట్రెంచ్‌మెంట్ పరిహారం మీద అయిదు లక్షలదాకా ఉండే పన్ను మినహాయింపు వర్క్‌మన్‌కే. కంపెనీ అందరికీ ఎక్స్‌గ్రేషియా, అంటే తన ఇష్టంతో ఇచ్చే డబ్బు, అని రాసి ఇచ్చింది. ఆయన వర్క్‌మనా కాదా అన్న ప్రశ్నను మేం చర్చల్లో తెలివిగా పక్కన పెట్టాం. అది ఆయన ఫారం 16లో (కంపెనీ ఇచ్చే టీడీఎస్ సర్టిఫికెట్‌లో) తేలింది.

ఆ మాట ఆయనకు ఫోన్‌లో చెప్పడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. ఆ పేజీ తయారుచేసింది నేను. అందులో అంకెలన్నీ పన్నుకు ముందువి, ఆ సంగతి ఎక్కడా రాయలేదు. ‘ఈఎమ్‌ఐ ఏడు నెలలు లాగుతుందనుకున్నా సార్’ అన్నాడాయన.

ఇప్పుడు నేను తయారుచేసే పేజీలో నాలుగు నిలువు వరుసలు ఉంటాయి. నాలుగోది ‘టీడీఎస్ పోగా చేతికి, అంచనా’. దాన్ని పెద్ద అక్షరాల్లో వేయిస్తాను.